దినారుకు ధర లేని నెలలు

నా ఉద్యోగం ఏమిటని బంధువులు అడిగినప్పుడు మా అమ్మ ‘సాఫ్ట్‌వేర్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. అదే నయం. వివరంగా చెబితే కాకినాడలో మా కుటుంబం పరువు ఎక్కడికి దిగుతుందో చెప్పలేను. మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం పద్నాలుగో అంతస్తులో కూర్చుని, పాత తేదీల పక్కన ఆ రోజున ఒక దేశపు డబ్బు ఇంకో దేశపు డబ్బులో ఎంత పలికిందో నింపుతాను. ఆ రోజు ఎప్పుడో గడిచిపోయింది. ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. దాన్ని మార్చుకున్నవాళ్ళలో చాలామంది ఈపాటికి లోకంలోనే ఉండరు. అయినా విలువ మాత్రం దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెల దాకా తప్పు లేకుండా ఉండాలి. నా హోదాలో మూడు ఇంగ్లీషు మాటలున్నాయి. వాటిలో ఒక్కదానికీ ఈ పనితో చుట్టరికం లేదు.

ఆ మధ్య మాకు కువైట్ నుంచి ఒక క్లయింట్ దొరికాడు. తరాలుగా మన దేశం నుంచి బియ్యం, పప్పులు, మసాలా దినుసులు తెప్పించుకుని అమ్మే వ్యాపార సంస్థ. వాళ్ళ పాత పుస్తకాలన్నిటినీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి, ఏ రోజు వ్యవహారమైనా దినార్లలోనూ రూపాయల్లోనూ కనబడాలి అన్నారు. ఎందుకని అడిగే హక్కు మాకు లేదు. గంటలకు డబ్బిచ్చే మనిషిని ఎందుకని అడగడం మా వృత్తిలో మర్యాద కాదు.

పట్టిక మొదట్లోనే చిక్కు వచ్చింది. అరవయ్యో దశకం మొదలయ్యేదాకా కువైట్‌కు సొంత డబ్బు లేదు. అక్కడి బజార్లలో నడిచింది రూపాయే. తర్వాత దినారు వచ్చినప్పుడు దాని విలువ పదమూడు రూపాయలూ ఒక రూపాయిలో మూడో వంతూ. అంతకు ముందరి వరసల్లో నేను ధర ‘ఒకటి’ అని వేశాను, రూపాయికి రూపాయి. మా మేనేజర్ అది చూసి తప్పు అన్నాడు. రెండు దేశాలకు ఒకే డబ్బు ఎట్లా ఉంటుందని నిలదీశాడు. అది చరిత్ర అని చెప్పాను. చరిత్ర మన ఒప్పందంలో లేదన్నాడు.

మేనేజర్ వరంగల్ వైపు మనిషి. చెడ్డవాడు కాదు. ఎవరి పుట్టినరోజూ మరిచిపోడు, జ్వరమంటే సెలవిస్తాడు. కాకపోతే ఎరుపు రంగు చూస్తే ఆయనకు నిద్ర పట్టదు. మా తెర మీద నిండిన గడి పచ్చగా, ఖాళీ గడి ఎర్రగా కనిపిస్తుంది. ప్రపంచంలో ఎక్కడ ఏం జరిగినా ఆయనకు అభ్యంతరం లేదు, గడి పచ్చగా ఉంటే చాలు.

అలాంటి మనిషి కళ్ళ ముందు ఒకరోజు దాదాపు ఎనిమిది నెలల గడులు వరసగా ఎర్రగా వెలిగాయి. తొంభయ్యో సంవత్సరం ఆగస్టు మొదట్లో మొదలై, మరుసటి మార్చి చివరిదాకా. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన నెలలవి. ఆ దేశంతో పాటు దాని డబ్బు కూడా కనబడకుండా పోయింది. నేను వెతకని చోటు లేదు. ఏ పట్టికలో చూసినా ఆ నెలల దగ్గర గీతలు, చుక్కలు, లేదా ఖాళీ.

సమావేశం పెట్టారు. మా ఆఫీసులో సమావేశపు గదులకు నదుల పేర్లు పెట్టారు. మేం కూర్చున్నది గోదావరిలో. తాగడానికి నీళ్ళు మాత్రం లేవు. ఏడుగురు ఇంజనీర్లం గంటన్నరసేపు ఒక దేశపు యుద్ధాన్ని పరిష్కరించాం. సున్నా వేద్దామని ఒకరన్నారు. సున్నాతో భాగిస్తే సాఫ్ట్‌వేర్ చచ్చిపోతుందని ఇంకొకరు గుర్తుచేశారు. సైన్యం రాకముందు రోజు ధరనే చివరిదాకా లాగుదామన్నారు. ముందరి ధరకూ తర్వాతి ధరకూ మధ్య సూటిగా ఒక గీత గీస్తే అందంగా ఉంటుందన్నారు. చివరికి ఆఫీసువాళ్ళు కొత్తగా ఇచ్చిన ఏఐని అడిగాం. అది క్షణం కూడా తడుముకోలేదు. రోజుకొకటి చొప్పున, ఆదివారాలు వదిలేసి, నాలుగు దశాంశాలతో ధరలన్నీ ఇచ్చింది. వాటిలో ఎగుడుదిగుడులు కూడా ఉన్నాయి, నమ్మకం కలగడానికి కాబోలు. ఇంత ఆత్మవిశ్వాసం ఉన్నవాళ్ళకు మా ఆఫీసులో త్వరగా ప్రమోషన్ వస్తుంది.

ఇవి ఎక్కడివో తెలియదు కదండీ అన్నాను.

“గప్పటి సంగతి ఇప్పుడెవడు చూస్తడు? జర లైట్ తీస్కో,” అన్నాడు మేనేజర్. “గడులు నింపి పంపియ్.”

నింపాను. తెరంతా పచ్చబడింది. అందరం చప్పట్లు కొట్టాం.

నేనుండేది ప్రగతి నగర్‌లో, ఒక రెండంతస్తుల ఇంట్లో పై వాటా. కింద ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. అరవై దాటిన మనిషి, కడప జిల్లా. భర్త పోయి చాలా ఏళ్ళయింది. కూతురు నిజాంపేటలో ఉంటూ ఆదివారాలు వచ్చిపోతుంది. ఇల్లు చూపించిన బ్రోకర్ కిరాయి అన్నాడు, నేను అద్దె అంటాను, ఆవిడ బాడుగ అంటుంది. మూడు పేర్లతో పిలిచినా తగ్గేది కాదది. ఏటా వేసవిలో పెంచుతుంది. పెంచే ముందు మెట్లెక్కి వచ్చి, రూపాయి పడిపోయింది పాపా అని దిగులుగా చెబుతుంది, మా ఇద్దరికీ కావలసినవాళ్ళెవరో మంచాన పడ్డట్టు. అప్పుడప్పుడు రూపాయి కొంచెం లేచి కూర్చున్న రోజులు కూడా ఉంటాయి. ఆ రోజుల్లో ఆవిడ మెట్లెక్కదు. కువైట్‌లో ఇళ్ళలో పనిచేసి వచ్చిందని, ఈ ఇల్లు ఆ సంపాదనేనని నాకు తెలుసు. ఇప్పటికీ పొద్దున్నే ఫోనులో దినారు ధర చూసుకుంటుందనీ తెలుసు. అంతకుమించి నేనెప్పుడూ అడగలేదు. రోజంతా దినార్లతో గడిపి ఇంటికొచ్చాక మళ్ళీ దినార్ల మాట ఎత్తే ఓపిక ఎవరికుంటుంది?

గడులు నింపిన రెండు రోజులకు, ఇంటి నుంచి పనిచేసే శుక్రవారం మధ్యాహ్నం, ఆవిడ గిన్నెలో మరమరాల ఉగ్గాని పట్టుకుని పైకి వచ్చింది. నేను ముందు గదిలో లాప్‌టాప్ తెరుచుకుని ఉన్నాను. తెర మీద అంకెలు చూసి ఏం పని పాపా ఇది అంది. మామూలుగా ఎవరడిగినా సాఫ్ట్‌వేర్ అని తప్పించుకునేదాన్ని. కువైట్ మనిషి కదా అని, పాత రోజుల్లో దినారుకు రూపాయలెన్నో రాస్తున్నానని చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. తాను మొదట వెళ్ళినప్పటి సంవత్సరం చెప్పి ఎంతుందో చూడమంది. చూశాను. యాభై చిల్లర. అవునని తలాడించింది, పరీక్ష పేపరు దిద్దుతున్న టీచరులా. ఇంకో రెండు అడిగింది. అవీ సరిపోయాయి. తర్వాత వేలితో తెర మీద కిందికి జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

“ఇదేంది? ఈ నెలల్లో కూడా రేటు రాసినావే.”

రాయకపోతే గడి ఎర్రగా ఉంటుందని చెప్పాను. చెబుతుంటే నాకే అదోలా అనిపించింది.

“రేటు యాడిది పాపా? నేను ఆడనే ఉంటిని గదా,” అంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ చెప్పింది ఇది. అప్పటికి ఆవిడకు పాతికేళ్ళు దాటాయి. కువైట్‌లో సాల్మియా అనే పేటలో ఒక ఇంట్లో వంటపని. ఆ ఇంటి యజమానురాలు మంచిదే. ప్రతి నెలా జీతం తెచ్చి ఇచ్చేది, ఈవిడే మళ్ళీ ఆమెకిచ్చి దాచమనేది. ఊరికి పోయేటప్పుడు ఒక్కసారే పట్టుకుపోవాలని. ఒకరోజు తెల్లవారి చూస్తే వీధి చివర యుద్ధ ట్యాంకు ఉంది. వారం తిరక్కుండానే ఇంటివాళ్ళు కార్లలో సౌదీ వైపు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు యజమానురాలు ఈవిడను వంటింట్లోకి పిలిచి, దాచిన జీతమంతా లెక్కపెట్టి చేతిలో పెట్టింది. ఒక్క నోటు తక్కువ లేదు. ఈవిడ ఆ నోట్లను లంగా అంచులో పెట్టి కుట్టుకుంది. మూడు వారాలు ఆ ఖాళీ ఇంట్లో, పక్కింటి వంటమనిషితో కలిసి, బియ్యం ఉన్నంతవరకు ఉంది. తర్వాత మనవాళ్ళు బస్సులు మాట్లాడితే ఎక్కింది. బస్రా, బాగ్దాద్ దాటి జోర్డాన్ సరిహద్దులో ఇసకలో దింపేశారు.

అక్కడ గుడారాల మధ్య నాలుగో రోజున రొట్టెలబండి ఒకటి వచ్చిందట. ఈవిడ అంచు విప్పి పది దినార్ల నోటు తీసి చూపించింది. అంతకు నెల ముందు ఆ నోటుతో బండిలో సగం రొట్టెలు వచ్చేవి. బండివాడు నోటు వంక కూడా చూడలేదు. ఆవిడ చేతి వంక చూశాడు. చేతికి గడియారం ఉంది. మొగుడి కోసం కొన్నది, సంచిలో పెడితే పోతుందని తానే పెట్టుకుంది.

“గడియారం ఇస్తిని. ఆరు రొట్టెలు, రెండు సీసాల నీళ్ళు ఇచ్చె,” అంది. “ఆ పొద్దు రేటు అదీ. రాసుకో.”

ఆవిడ నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. ఏఐ ఇచ్చిన ఆ సెప్టెంబరు ధరలు నాలుగు దశాంశాలతో తెర మీద పచ్చగా మెరుస్తున్నాయి.

అక్కణ్ణుంచి మనవాళ్ళు పంపిన విమానంలో బొంబాయి చేరాక, డబ్బు మార్చేవాళ్ళ దుకాణాలు ఏడెనిమిది తిరిగిందట. ఒకడు కౌంటర్ మీద నుంచి నోట్లు వెనక్కి నెట్టాడు. ఇంకొకడు, ఆ దేశమే లేదు, నీ నోటు ఎవరికి అమ్మను అన్నాడు. చార్జీలకు తోటి ప్రయాణికురాలు ఒకామె యాభై రూపాయలిచ్చింది. అలా, రెండేళ్ళ జీతం ఒంటి మీదే ఉండగా, ఎవరో ఇచ్చిన యాభై రూపాయలతో ఆవిడ కడపలో దిగింది.

ఆ సాయంత్రమే నేను ఆ ధరలన్నీ తీసేశాను. ఎనిమిది నెలలూ మళ్ళీ ఎర్రబడ్డాయి. సోమవారం ఆఫీసుకు వెళ్ళేసరికి మేనేజర్ నా కుర్చీ దగ్గరే నిలబడి ఉన్నాడు. జరిగింది చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. పాపం ఆమె అన్నాడు, నిజంగానే బాధపడ్డాడు. తర్వాత, బుధవారం క్లయింట్‌కు చూపించాలి కాబట్టి ఏఐ ధరలు మళ్ళీ పెట్టేయమన్నాడు. నేను పెట్టనన్నాను. ఆయన స్వయంగా కూర్చుని పెట్టాడు. మేనేజర్ సొంత చేతులతో పనిచేయడం చూసి ఆ అంతస్తులో కొందరు ఫోటో తీశారు.

బుధవారం కాల్‌లో క్లయింట్ వైపు నుంచి ముగ్గురున్నారు. ఇద్దరు కుర్రవాళ్ళు, ఒక పెద్దాయన. పెద్దాయన ఆ సంస్థలో ఎన్నో ఏళ్ళు లెక్కలు చూసినవాడట. వ్యాపారం కోసం బొంబాయికి తిరిగి తిరిగి హిందీ బాగా వచ్చినవాడు. రిటైరైనా ఈ పని కోసం పిలిపించారు. మా మేనేజర్ గంటసేపు తెర మీద రంగులు చూపించాడు. కుర్రవాళ్ళు బాగుంది బాగుంది అన్నారు. పెద్దాయన ఒక్కటే అడిగాడు, తొంభయ్యో సంవత్సరం అక్టోబరు తెరవమని. తెరిచారు. చాలాసేపు చూశాడు. తర్వాత, ఈ ధరకు ఆ నెలలో దినారు ఎవరు కొన్నారో చెబితే తాను వెళ్ళి ఆయనకు దణ్ణం పెట్టుకుని వస్తానన్నాడు.

మేనేజర్ అది మార్కెట్ ధర సార్ అన్నాడు. ఏ మార్కెట్ అని పెద్దాయన అడిగాడు. మా వైపు ఏడుగురు ఉన్నాం. అందరి మైకులూ ఒకేసారి చెడిపోయినట్టున్నాయి.

నేను నా మైకు తెరిచాను. ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డానని చెప్పడానికి సిగ్గేమీ లేదు, కారు వాయిదాలు అప్పటికి ఇంకా సగమే అయ్యాయి. ఆ ధరలు కల్పించినవి సార్ అన్నాను. మా ఇంటావిడ ఆ నోట్లు కుట్టుకుని బొంబాయి దాకా వచ్చిందని, ఎవరూ తీసుకోలేదని హిందీలో వచ్చినంత చెప్పాను.

ఆమె ఎక్కడ పనిచేసేదని పెద్దాయన అడిగాడు. సాల్మియా అన్నాను. ఆ వేసవిలో తాను కూడా బొంబాయిలోనే చిక్కుకుపోయానని అప్పుడు చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా దిగే హోటల్లోనే దిగాడు. ఎప్పుడూ సంతకం పెడితే సరిపోయేది. ఈసారి యజమాని వచ్చి, చాలా మర్యాదగా, రూపాయలుంటే ఇవ్వమన్నాడు. లేవు. భార్య గాజులు తీసి ఇవ్వాల్సి వచ్చింది. తర్వాత ఆయన కుర్రవాళ్ళతో అరబ్బీలో ఏదో అని, మాతో, ఆ నెలల్లో అంకెలేమీ వద్దు, ధర లేదు అని రాయండి చాలు అన్నాడు.

చాలు అన్నది ఆయన మాట. మాకు ఎలా చాలుతుంది? ఖాళీ గడిని ఖాళీగా ఉంచడానికి మా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. అది ఒప్పుకునేలా చేయడానికి మూడు వారాలు, అయిదుగురు మనుషులు పట్టింది. పరీక్షించేవాళ్ళు రోజూ ‘ఇక్కడ విలువ లేదు’ అని ఫిర్యాదు నమోదు చేసేవారు, మేం రోజూ ‘లేదు, అదే విలువ’ అని మూసేసేవాళ్ళం. ఈ మూడు వారాలకూ క్లయింట్‌కు విడిగా బిల్లు వేశాం. ఆఫీసులో మూడు నెలలకోసారి ఇచ్చే బహుమతుల్లో ఆసారి, క్లయింట్ మనసు అర్థం చేసుకున్నందుకు మా మేనేజర్‌కు ప్రశంసాపత్రం ఇచ్చారు. వేదిక మీద ఆయన, డేటా వెనక మనుషులుంటారని ఒక మంచి ప్రసంగం చేశాడు. నాకు ఒక స్టీలు నీళ్ళ సీసా ఇచ్చారు. ఆఫీసు బొమ్మ ఉంది దాని మీద. మూత కారుతుంది.

ఈ గొడవలోనే నాకు ఇంకో సంగతి తెలిసింది. యుద్ధమయ్యాక కువైట్ కొత్త నోట్లు తెచ్చింది. దోచుకుపోయిన నోట్ల నంబర్లు చెల్లవంది. మిగతా పాత నోట్లు మార్చుకోవడానికి మాత్రం కొన్ని నెలలు గడువిచ్చింది. ఆవిడ నోట్లు దోపిడీవి కావు, సైన్యం రాకముందు అందుకున్న జీతం. అంటే ఆ గడువులో అక్కడికి చేరి ఉంటే ప్రతి నోటూ చెల్లేది. ఈ మాట చెప్పాలా వద్దా అని పది రోజులు ఆలోచించాను. ఆఫీసులో నిజం చెప్పి ప్రశంసాపత్రం తెప్పించినదాన్ని, ఇంట్లో మాత్రం రోజూ మెట్ల దగ్గర తలొంచుకుని దాటిపోయాను.

ఒక ఆదివారం, కూతురు వచ్చి వెళ్ళాక, కిందికి వెళ్ళి చెప్పేశాను. ఆవిడ బీరువాలోంచి ఇంటి కాగితాల కవరు తెచ్చి, ఆ నోట్లు బల్ల మీద పెట్టింది. అంచుల్లో సూది పోట్లు అలాగే ఉన్నాయి.

“తెలుసు పాపా,” అంది. “అప్పుడే తెలుసు. రాయచోటి నుంచి ఒకాయన వచ్చి చెప్పె, పోతే మారుస్తారని.”

మరెందుకు వెళ్ళలేదని అడిగాను. ఆవిడ నోట్లను ఒకదాని మీద ఒకటి సర్దుతూ కూర్చుంది. భర్తకు ఆ మాట చెప్పలేదట. నా నోట్లు చెల్లని నంబర్లవంట అని ఆయనతో అబద్ధం చెప్పిందట. నిజం చెబితే ఉన్న రెండెకరాలు అమ్మయినా టికెట్ కొని పంపేవాడు, అంత కష్టపడి సంపాదించిన డబ్బు కదా. ఆవిడకు మాత్రం ఆ గుడారాలు, ఆ ఇసక, నీళ్ళ కోసం జనం తొక్కుకోవడం తప్ప కళ్ళు మూస్తే ఇంకేమీ కనిపించేది కాదు.

“దుడ్డు పోతే పోనీలే అనుకుంటి. మళ్ళీ ఆడికి పోవాలంటే మనసొప్పకపాయ. ఆయనకు మాత్రం చెప్పలేకపోతి. పోయేదాకా, నీ నోట్లు చెల్లకపాయనే అని బాధపడె.”

రెండేళ్ళ తర్వాత కూతురి చదువు కోసం ఎలాగూ వెళ్ళాల్సి వచ్చింది. అదే ఇంటికి వెళ్ళింది. యజమానురాలు పాత నోట్లు చూసి, నేనిచ్చేశాను కదా అంది. ఇచ్చింది నిజమే కాబట్టి ఈవిడ ఏమీ అనలేదు. ఆ తర్వాత పన్నెండేళ్ళు అక్కడే వండింది. ప్రతి నెలా జీతం అందిన రోజే బ్యాంకుకు వెళ్ళి ఇంటికి పంపించేసింది. ఒక్క రోజు కూడా నోట్లు దగ్గర ఉంచుకోలేదు.

ఇంట్లో, ఆఫీసులో, దారిలో క్యాబ్ డ్రైవరుతో కూడా నాకు దొరికే వెటకారం ఆ పూట ఒక్క ముక్క కూడా దొరకలేదు. ఈ సంగతి కూతురికైనా తెలుసా అని అడిగాను. లేదంది. నువ్వూ చెప్పొద్దు అంది. తర్వాత నోట్లు కవరులో పెట్టి బీరువా తాళం వేసి వచ్చి, సోమవారం ఆఫీసుకు పోతావా, ఇంట్లోనేనా అని అడిగింది. ఇంట్లోనే అన్నాను. అయితే రాగి సంగటి చేస్తానని, మా కాకినాడ వైపు వాళ్ళకు దాన్ని నమలకుండా మింగడం చేతకాదని, ఈసారి నేర్పుతానని అంది.